64 ట్రాన్స్‌డ్యూసర్ల అల్ట్రాసౌండ్ పలక: అరచేతికి స్పర్శ తెలియడం లేదు, లోపం ఎక్కడ?

గుణుపురం_ఈసీఈ

ఆసుపత్రి రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర తెరను ముట్టుకోకుండానే నొక్కే బటన్ చేయాలన్నది మా ఎం.టెక్ ప్రాజెక్టు. గాలిలో చెయ్యి పెడితే, బటన్ ఉన్న చోట అరచేతికి అల్ట్రాసౌండ్‌తో చిన్న తాకిడి తెలియాలి.

కట్టింది ఇదీ. 16 మి.మీ. వ్యాసం ఉన్న 40 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్లు (అల్ట్రాసౌండ్ పుట్టించే చిన్న డబ్బాలు) 64, ఎనిమిదేసి చొప్పున ఎనిమిది వరసలు, కేంద్రం నుంచి కేంద్రానికి 17 మి.మీ. ఆర్డ్యుయినో మెగా కంట్రోలర్ బోర్డు ఒకటి, దాని సిగ్నల్‌ను పెద్ద వోల్టేజీకి పెంచే టీసీ4427 డ్రైవర్లు 32, సప్లై 12 వోల్టులు. అన్ని తరంగాలూ ఒక బిందువు (ఫోకస్) దగ్గర ఒకేసారి కలిసేలా, ఒక చక్రాన్ని 10 భాగాలు చేసి ఒక్కోదానికి ఫేజ్ (తరంగం మొదలయ్యే వేళ) ఇస్తున్నాను. ఫోకస్ పలక మధ్యలో, 15 సెం.మీ. ఎత్తున. సెకనుకు 200 సార్లు మొత్తం పలకను ఆన్, ఆఫ్ చేస్తున్నాను.

చెయ్యి పెడితే పల్చగా గాలి తగిలినట్టుంది తప్ప కంపనం లేదు. పైగా సన్నగా కూత వినిపిస్తోంది, 200 హెర్ట్జ్ కంటే బాగా పై స్వరం. ఫేజ్ 10 భాగాలే కావడం వల్ల ఫోకస్ కుదరడం లేదా? ఎఫ్‌పీజీఏ (ఒకేసారి చాలా సిగ్నళ్లు పంపగల చిప్) తీసుకుని 256 ట్రాన్స్‌డ్యూసర్లకు వెళ్లాలా? పని చేశాక జనంతో ఎలా పరీక్షించాలో కూడా చెప్పండి. ఇక్కడికి వచ్చేవాళ్లలో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు మూడు రకాల వాళ్లూ ఉంటారు.

---

బరంపురం_బెంచి

256 సంగతి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 10 భాగాల ఫేజ్ మీ సమస్య కాదు. దాని వల్ల ఫోకస్ దగ్గర ధ్వని పీడనం 2 శాతం లోపే తగ్గుతుంది. నష్టం జరిగేది ట్రాన్స్‌డ్యూసర్లు తమలో తాము కలవకపోవడం వల్ల.

ముందు ఆ కూత. ఆర్డ్యుయినోలో మిల్లీసెకన్లు లెక్కపెట్టే టైమర్ సున్నా సెకనుకు 976 సార్లు ప్రోగ్రామును ఆపి తన పని చేసుకుంటుంది. ఆపిన ప్రతిసారీ 64 తరంగాలూ ఒక్క క్షణం నిలిచిపోతాయి. మీకు వినిపించేది అదే అయ్యుంటుంది. తరంగం పంపే లూప్‌కు ముందు ఇంటరప్టులన్నీ (ఇలా మధ్యలో అడ్డొచ్చే పనులన్నీ) ఆపేయండి. డిజిటల్‌రైట్ (ఒక్కో పిన్నును విడిగా మార్చే ఆదేశం) వాడుతుంటే అది ఈ పనికి అస్సలు చాలదు, పోర్టులకు (పిన్నుల గుంపులకు) నేరుగా రాయాలి. 16 మెగాహెర్ట్జ్ చిప్‌లో ఒక్కో భాగానికి 40 క్లాకులే దొరుకుతాయి. పది పోర్టులకు బైటు చదివి రాయడానికే 30 పైన పోతాయి.

ఇక అసలు విషయం, పొలారిటీ. చవక రకాల్లో ప్లస్ గుర్తును నమ్మకూడదు. గుర్తు తారుమారైన ట్రాన్స్‌డ్యూసర్ 180 డిగ్రీలు తిరగబడి, సాయం చేయకపోగా మిగతావాటిని చెరిపేస్తుంది. 64లో 10 తిరగబడితే నికరంగా పనిచేసేవి 54 మైనస్ 10, అంటే 44. చేతికి తెలిసే పీడనం ధ్వని పీడనపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది సగానికి, అంటే 47 శాతానికి పడిపోతుంది. సగం తిరగబడితే ఫోకస్సే ఉండదు.

రెండోది రెజొనెన్స్ చెదురు. 40 కిలోహెర్ట్జ్ అని రాసి ఉన్నా ఒకటి 39.6 దగ్గర, ఇంకొకటి 40.5 దగ్గర మోగుతుంది. అర కిలోహెర్ట్జ్ తేడాకే ఫేజ్ 30 డిగ్రీల పైన జరుగుతుంది. మూడోది ఎత్తు. గాలిలో ఈ తరంగం పొడవు 8.6 మి.మీ., కాబట్టి ఒక ట్రాన్స్‌డ్యూసర్ బోర్డు మీద 1 మి.మీ. ఎత్తుగా కూర్చుంటే 42 డిగ్రీల తప్పు. టంకం వేసేటప్పుడు మూతులన్నీ ఒక గాజు పలక మీద బోర్లించి పెట్టి వేయడం ఇందుకే.

ఈ మూడూ ఒకేసారి సరిచేయవచ్చు, ఏదీ ఊడదీయనక్కర్లేదు. అదే రకం రిసీవర్ ఒకటి తీసుకుని పలక మధ్యకు సరిగ్గా 15 సెం.మీ. పైన, మూతి కిందికి ఉండేలా స్టాండుకు గట్టిగా బిగించండి. ఫోకస్‌కు లెక్కగట్టిన ఫేజులు అలాగే ఉంచి, ట్రాన్స్‌డ్యూసర్లను ఒక్కొక్కటిగా మోగించండి. ఆసిలోస్కోప్‌ను ఆర్డ్యుయినో చక్రం మొదలయ్యే పల్సుతో ట్రిగ్గర్ చేయండి. అన్నీ సరిగ్గా ఉంటే 64 తరంగాల శిఖరాలూ తెర మీద ఒకే చోట పడాలి. పక్కకు పడినవి ఎన్ని మైక్రోసెకన్లు జరిగాయో రాసుకోండి. ఒక మైక్రోసెకను అంటే 14.4 డిగ్రీలు. మీ ఒక భాగం 2.5 మైక్రోసెకన్లు. ఆ లెక్కన పట్టికలో దిద్దుబాటు వేయండి, తిరగబడిన వాటికి 5 భాగాలు కలిపితే సరి. తరంగం ఎత్తు మిగతావాటిలో మూడో వంతు కూడా లేని ట్రాన్స్‌డ్యూసర్ చచ్చిపోయినట్టే, మార్చండి. పక్క వరసల్లోవి రిసీవర్‌కు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి వాటి సిగ్నల్ కొంత తగ్గడం సహజం, మధ్యవాటితో పోల్చి తీసేయకండి.

ఆ తర్వాత చేతిని నమ్మకుండా బలం కొలవండి. బంగారం కొట్లలో వాడే 0.001 గ్రాము కాటా చాలు. పలకను తలకిందులుగా కాటాపైన వేలాడదీయాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, కాటా మీద పెద్ద పళ్లెం పెట్టడం. పెద్ద పళ్లెం మీద పడేది మొత్తం ధ్వని. ఫోకస్ కుదిరినా కుదరకపోయినా అంకె దాదాపు ఒకటే చూపిస్తుంది. కాటాను అట్టపెట్టెలో పెట్టి, పైన రంధ్రం చేసి, అందులోంచి 10 సెం.మీ. చీపురుపుల్ల నిలబెట్టి, దాని తల మీద 2 సెం.మీ. వ్యాసం ఉన్న గట్టి ప్లాస్టిక్ బిళ్ల అంటించండి. బిళ్ల ఫోకస్‌లో ఉండాలి. మాడ్యులేషన్ (ఆన్, ఆఫ్ చేయడం) లేకుండా మోగించి అంకె చూడండి. తర్వాత ఫేజులన్నీ యాదృచ్ఛికంగా కలిపేసి మళ్లీ చూడండి. ఫోకస్ కుదిరితే రెండింటికీ చాలా రెట్లు తేడా ఉంటుంది. 12 వోల్టుల దగ్గర, మీ పలకకు నా లెక్క ప్రకారం 0.05 గ్రాముల చుట్టూ రావాలి, అంటే అర మిల్లీన్యూటన్.

బిళ్లకూ పలకకూ మధ్య ధ్వని అటూ ఇటూ కొట్టుకుంటుంది కాబట్టి ఎత్తు 4.3 మి.మీ. మారినప్పుడల్లా అంకె ఎగిరి పడుతుంది. 1 మి.మీ. చొప్పున జరుపుతూ పది చోట్ల చూసి సగటు తీసుకోండి. ఇదంతా సీలింగ్ ఫ్యాన్ ఆపి చేయాలి. ఫ్యాన్ గాలి ముందు అర మిల్లీన్యూటన్ లెక్కలోకే రాదు, చేతికి కంపనం తెలియకపోవడానికి సగం కారణం అదే కావచ్చు.

---

జయపురం_ధ్వని

పైన చెప్పిన కాలిబ్రేషన్ (ఫేజులు సరిచూడటం) అయ్యేదాకా ఇంకేదీ ముట్టుకోవద్దు. అయ్యాక మార్చాల్సినవి రెండున్నాయి, మాడ్యులేషన్, వోల్టేజీ.

మొత్తం పలకను ఆన్, ఆఫ్ చేస్తే సగం సమయం మీ శక్తి ఊరికే పోతోంది. పైగా అంచులు పదునుగా ఉండటంతో చప్పుడు ఎక్కువ. చర్మం 40 కిలోహెర్ట్జ్‌ను గుర్తించదు, 200 హెర్ట్జ్ చుట్టుపక్కల కంపనానికి బాగా స్పందిస్తుంది, కాబట్టి మీ ఆలోచన సరైనదే. కానీ ఆ కంపనం బలాన్ని తగ్గించి పెంచడం వల్లే రానక్కర్లేదు. ఫోకస్‌ను ఆపకుండా ఉంచి చిన్న వృత్తంలో తిప్పినా చర్మం మీద ఒక్కో చోటికి ఫోకస్ వచ్చి పోతూ కంపనం పుడుతుంది, స్పర్శ బాగా బలంగా తెలుస్తుంది. ఫోకస్ చర్మం మీద సెకనుకు 5 నుంచి 8 మీటర్ల వేగంతో కదిలినప్పుడు ఎక్కువ తెలుస్తుందని 2018లో వచ్చిన పరిశోధన చూపించింది. చర్మం మీద అల పాకే వేగానికి అది దగ్గరగా ఉంటుంది. సెకనుకు 100 చుట్లు అనుకుంటే వృత్తం చుట్టుకొలత 5 నుంచి 8 సెం.మీ., అంటే వ్యాసం 1.6 నుంచి 2.5 సెం.మీ. 2 సెం.మీ.తో మొదలుపెట్టండి. బటన్‌కు అది సరిపోయే సైజు కూడా.

మెగాలో ఇది పడుతుంది. ఒక్కో ఫోకస్ బిందువుకు 10 భాగాలు, పది పోర్టులు, 100 బైట్లు. వృత్తం మీద 32 బిందువులకు 3,200 బైట్లు, మెగాలో ఉన్నది 8 కిలోబైట్ల ర్యామ్. ఒక్కో బిందువు దగ్గర 12 చక్రాలు, అంటే 300 మైక్రోసెకన్లు నిలిస్తే సెకనుకు 104 చుట్లు వస్తాయి. 12 కంటే బాగా తగ్గించకండి. ట్రాన్స్‌డ్యూసర్ కొత్త ఫేజ్‌కు సర్దుకోవడానికి దాదాపు 8 చక్రాలు తీసుకుంటుంది. బిందువులు ఎక్కువ ఉంటే పక్క పక్క ఫేజుల మధ్య గెంతు చిన్నదై చప్పుడు కూడా తగ్గుతుంది. 8 బిందువులతో గీస్తే గరగర వినబడుతుంది.

వోల్టేజీ 16కి పెంచండి. టీసీ4427 గరిష్ఠం 18, అంచుదాకా పోవద్దు. 12 నుంచి 16కి పోతే చేతికి తెలిసే బలం 1.78 రెట్లు. మీ ట్రాన్స్‌డ్యూసర్ పట్టికలో గరిష్ఠ వోల్టేజీ ఒకసారి చూడండి, మురాటా 10 మి.మీ. రకానికైతే శిఖరం నుంచి శిఖరానికి 20 వోల్టులే పరిమితి. ప్రతి డ్రైవర్ పక్కనే 0.1 మైక్రోఫారడ్, సప్లై మొదట్లో 470 మైక్రోఫారడ్ కెపాసిటర్లు లేకపోతే వెంటనే వేయండి. 32 డ్రైవర్లు ఒకేసారి మారినప్పుడు సప్లై కుంగి ఫేజులే వణుకుతాయి.

ఒక పరిమితి మాత్రం ఈ పలకతో తప్పదు. 17 మి.మీ. దూరం తరంగం పొడవుకు దాదాపు రెట్టింపు. అందువల్ల ప్రధాన ఫోకస్‌తో పాటు 30 డిగ్రీల పక్కన దొంగ ఫోకస్ పుడుతుంది, 15 సెం.మీ. ఎత్తున అది 8 లేదా 9 సెం.మీ. అవతల పడుతుంది. అరచేతి మధ్యలో బటన్ పెడితే వేళ్ల కొసలకు కూడా ఏదో తగిలినట్టుండేది ఇందుకే. ఫోకస్‌ను పక్కకు జరిపేకొద్దీ దొంగది ముదురుతుంది. కాబట్టి మధ్య నుంచి 3 సెం.మీ. దాటి జరపకండి. 10 మి.మీ. రకంతో కడితే దొంగ ఫోకస్ 59 డిగ్రీలకు పోతుంది, అంత పక్కకు ట్రాన్స్‌డ్యూసర్ పెద్దగా వెదజల్లదు కూడా.

256 గురించి అడిగారు. అదే 10 మి.మీ. రకంలో 64 నుంచి 256కి వెళితే మొత్తం బలం 4 రెట్లు, కానీ ఫోకస్ సగానికి సన్నబడటంతో అక్కడి పీడనం 16 రెట్లు. ఆ లాభం నిజమే. టోక్యోలో 2010లో 324 ట్రాన్స్‌డ్యూసర్లతో 20 సెం.మీ. ఎత్తున 16 మిల్లీన్యూటన్లు సాధించారు, బ్రిస్టల్‌లో 2013లో 320 వాడారు. కానీ ఫేజులు సరిచూడటం రాకుండా 256 కొంటే నాలుగు రెట్ల తప్పులు కొన్నట్టే.

ఉష్ణోగ్రత గురించి ఎవరైనా భయపెడితే భయపడకండి. 25 డిగ్రీల నుంచి ఇక్కడి మే నెల 42 డిగ్రీలకు వెళితే ధ్వని వేగం 3 శాతమే పెరుగుతుంది. దాని తప్పు మీ పలక మూలల్లో ఉన్న ట్రాన్స్‌డ్యూసర్లకే 28 డిగ్రీలు, మధ్యవాటికి ఏమీ లేదు. ఫేజ్ లెక్కలో వేగం 331.3కు ఉష్ణోగ్రతలో 0.6 వంతు కలిపితే చాలు.

---

గుణుపురం_ఈసీఈ

ఇంటరప్టులు ఆపగానే కూత పోయింది. రిసీవర్‌తో చూస్తే 11 తిరగబడి ఉన్నాయి, ఒకటి చచ్చిపోయింది, ఇంకో తొమ్మిదింటికి ఒకటి రెండు భాగాల దిద్దుబాటు పడింది. కాటా మీద చిన్న బిళ్లతో 12 వోల్టుల దగ్గర 0.021 గ్రాముల నుంచి 0.052కి వచ్చింది. 16 వోల్టుల దగ్గర 0.091. వృత్తం తిప్పితే ఫ్యాన్ ఆపిన గదిలో అరచేతి మధ్యలో స్పష్టంగా జుమ్మంటోంది. అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు పరీక్ష సంగతి చెప్పండి. ఎంతమంది కావాలి, ఏం అడగాలి? ఎత్తు కొలవడానికి ఖరీదైన చేతి ట్రాకర్ తప్పదా?

---

పర్లాకిమిడి_కొలతలు

ట్రాకర్ మొదటి దశకు అక్కర్లేదు. మీ ఫోకస్ అడ్డంగా 2 సెం.మీ. లోపే ఉంటుంది కానీ నిలువుగా పొడుగ్గా ఉంటుంది. చెయ్యి ఎత్తులో 2 సెం.మీ. తేడా పెద్దగా బాధించదు. పక్కకు 1 సెం.మీ. జరిగితే మాత్రం బటన్ తప్పిపోతుంది. అందుకని పరీక్షలో చెయ్యి ఆన్చడానికి చట్రం కట్టండి. మణికట్టుకూ మోచేతికీ ఆసరా, అరచేతి కింద 8 సెం.మీ. రంధ్రం. చట్రం అంచులకు మెత్తని గుడ్డ చుట్టండి, లేకపోతే పలక చప్పుడుకు చెక్కే అదిరి దాని అదురునే స్పర్శ అనుకుంటారు. తర్వాత అసలు కియోస్క్‌లో (కౌంటర్ దగ్గర పెట్టే యంత్రంలో) ఎత్తు తెలుసుకోవడానికి కాంతితో దూరం కొలిచే వీఎల్53ఎల్0ఎక్స్ లాంటి చిన్న సెన్సర్ సరిపోతుంది.

మీరు నిరూపించాల్సింది "తెలుస్తోంది" అని కాదు, తెలుస్తున్నది చర్మానికే అని. పలక చేసే హమ్ చప్పుడు, అది పుట్టించే సన్నటి గాలి, ఈ రెండూ మనిషికి జవాబు చెప్పేస్తాయి. కాబట్టి పోల్చేటప్పుడు ఒక వైపు ఫోకస్, ఇంకో వైపు పలక ఆపేయడం అని పెట్టకండి. ఇంకో వైపు కూడా పలక అదే వోల్టేజీతో, అదే లయతో మోగాలి, ఫేజులు మాత్రం కలగాపులగంగా ఉండాలి. చప్పుడు దాదాపు అదే, ఫోకస్ ఉండదు. చెవులకు పింక్ నాయిస్ (బయటి చప్పుడును కప్పేసే హోరు) పెట్టండి. అదయ్యాక చప్పుడు కారుతోందో లేదో పరీక్షించండి. చేతికీ పలకకూ మధ్య మందపాటి అట్ట అడ్డం పెట్టి, రెండు విడతలుగా మోగించి ఏది అసలైనదో 20 సార్లు అడగండి. 15 లేదా అంతకంటే ఎక్కువ సరిగ్గా చెబితే ఆ మనిషి వింటున్నట్టే. అక్కడ ఆగి చప్పుడు సరిచేయాలి, ముందుకు పోకూడదు.

మొదటి కొలత గుర్తింపు హద్దు. ప్రతిసారీ రెండు విడతలు, ఒకదానిలోనే ఫోకస్, ఎందులో అని అడగడం. వరసగా రెండు సార్లు సరిగ్గా చెబితే బలం తగ్గించాలి, ఒక్కసారి తప్పితే పెంచాలి. ఈ పద్ధతి 70.7 శాతం సరిగ్గా చెప్పే బలం దగ్గర నిలుస్తుంది. బలం మార్చడానికి పల్సు వెడల్పు వాడకండి. మీ 10 భాగాల్లో వెడల్పులు ఐదే వస్తాయి, వాటి బలాలు గరిష్ఠంలో 10, 35, 65, 90, 100 శాతాలు. మెట్లు మరీ పెద్దవి. సప్లై వోల్టేజీనే మార్చండి. టీసీ4427 4.5 వోల్టుల నుంచి పనిచేస్తుంది, 5 నుంచి 16 దాకా పోతే బలం పది రెట్ల పరిధి దొరుకుతుంది. మొదట్లో వోల్టేజీని 1.26తో గుణించే పెద్ద మెట్లు, దిశ మూడుసార్లు మారాక 1.12 మెట్లు. దిశ తొమ్మిది సార్లు మారేదాకా నడిపి చివరి ఆరింటి సగటు తీసుకోండి. 16 వోల్టుల దగ్గర కూడా తెలియనివాళ్లు కొందరుంటారు. వాళ్లను తీసేయకుండా "హద్దు అందలేదు" అని లెక్కలో ఉంచండి. గొడ్డలి, పార పట్టిన చేతులకు చర్మం మందం, వయసుతో కూడా ఈ కంపనం తెలియడం తగ్గుతుంది. ఆసుపత్రికి వచ్చేవాళ్లలో వాళ్లే ఎక్కువ. కాలేజీ కుర్రాళ్ల మీద మాత్రమే పరీక్షించి కియోస్క్ పనిచేస్తుందని రాస్తే అది అబద్ధమే అవుతుంది. కనీసం సగం మంది 45 దాటినవాళ్లు, చేతిపని చేసేవాళ్లు ఉండాలి.

రెండో కొలత, ఏది ఏదో చెప్పగలగడం. త్రిభుజం, చతురస్రం లాంటి ఆకారాల జోలికి ఈ పలకతో పోవద్దు, ఫోకసే 2 సెం.మీ. ఉన్నప్పుడు మూలలు ఎక్కడ తెలుస్తాయి? ఒక తాకిడి, రెండు తాకిళ్లు, ఎడమ నుంచి కుడికి జరగడం, కుడి నుంచి ఎడమకు జరగడం, ఈ నాలుగు చాలు. ఒక్కో తాకిడి 150 మిల్లీసెకన్లు, మధ్య విరామం 200. ఒక్కో మనిషికి నాలుగూ పదేసి సార్లు, మొత్తం 40. ఊరికే ఊహించినా 10 సరిపోతాయి కాబట్టి 40లో 16 వస్తేనే ఆ మనిషికి తెలిసిందని చెప్పగలరు. మొత్తం శాతం ఒక్కటే రాయకుండా, దేన్ని దేనిగా పొరబడ్డారో పట్టిక వేయండి. బటన్ రూపం మార్చుకోవడానికి పనికొచ్చేది ఆ పట్టికే. మనుషులు 16 లేదా 20, నాలుగు వరస క్రమాలకు సమానంగా పంచడానికి వీలుగా. పది నిమిషాలకు ఒకసారి రెండు నిమిషాల విశ్రాంతి ఇవ్వండి, ఆపకుండా కంపనం ఇస్తే చర్మం మొద్దుబారి హద్దు పైకి పోతుంది.

భాష దగ్గర చాలా జాగ్రత్త కావాలి. "కంపనం తెలిస్తే చెప్పండి" అని ముందే అంటే, గాలి తగిలిందనిపించిన మనిషి ఏమీ తెలియలేదంటాడు. ముందు ఏ పదమూ అందించకండి. "చేతికి ఏమనిపించింది" అని అడిగి వాళ్ల మాటనే రాసుకోండి. తెలుగులో ఒకరు జివ్వుమందంటారు, ఒకరు చీమ పాకిందంటారు, ఒకరు తిమ్మిరి అంటారు. ఒడియాలో పబన అన్నవాళ్లు అన్నది గాలి అనే. సూచనలు మూడు భాషల్లో రాయించాక వేరే మనిషితో తిరిగి తెలుగులోకి చెప్పించి, అర్థం మారలేదని చూసుకోవాలి. సవరకు రాసిన కాగితం కంటే ఒకే గొంతుతో రికార్డు చేసిన మాట మంచిది, అందరికీ ఒకేలా వినిపిస్తుంది.

వేళ కూడా చెప్పాలి. ఫ్యాన్ ఆపాలి కాబట్టి ఎండాకాలం ఉదయం 9 లోపు ముగించండి. చెమట పట్టిన చేతిని పొడి గుడ్డతో తుడవండి, చల్లగా ఉన్న చేతిని కాసేపు వెచ్చబెట్టండి. ఎవరి పరీక్షకైనా ముందు, తర్వాత కాటా మీద బలం కొలిచి రాసుకోండి. పలక అరగంట మోగితే వేడెక్కి రెజొనెన్స్ కిందికి జరుగుతుంది, బలం తగ్గుతుంది. అది మనిషి తప్పుగా లెక్కలో పడకూడదు.

---

బరంపురం_బెంచి

ఒక్క మాట కలుపుతున్నాను. ఫోకస్ దగ్గర ధ్వని 140 డెసిబెల్స్ దాటుతుంది. చర్మం దాన్ని దాదాపు పూర్తిగా వెనక్కి కొడుతుంది కాబట్టి చేతికి ఇబ్బంది లేదు, కానీ చెవికి ఉంది. వినపడదు కాబట్టి ఏమీ లేదనుకోవద్దు. పలక పైకి చూడాలి, ఎవరూ దాని మీదికి తల వంచకూడదు. మనిషి కూర్చునే చోట చెవి ఫోకస్‌కు అర మీటరు పైన దూరంగా ఉండేలా కుర్చీని నేలకు గుర్తుపెట్టండి. గదిలో కుక్క, పిల్లి ఉండకూడదు, 40 కిలోహెర్ట్జ్ వాటికి వినబడుతుంది. కాలేజీ నైతిక సంఘం అనుమతి పత్రంలో ఈ విషయాలు రాసి, పరీక్షకు వచ్చినవాళ్లకు వాళ్ల భాషలోనే చదివి వినిపించండి.

కియోస్క్‌లో దుమ్ముకు అడ్డంగా పలక మీద ఏదో ఒక గుడ్డ కప్పక తప్పదు. ట్రాన్స్‌డ్యూసర్ల ముందు జాలీ తెరిచే ఉంటుంది, మా వైపు తీరం తేమకైతే మరీ అవసరం. ఏ గుడ్డ అయినా వేసే ముందు, వేసిన తర్వాత అదే చిన్న బిళ్లతో బరువు చూడండి. 0.091లో పదో వంతు కంటే ఎక్కువ పోతే ఆ గుడ్డ వద్దు. దోమతెర నేత ముందుగా ప్రయత్నించండి.